ఆళ్లగడ్డ వచ్చేలోపు

నంద్యాల దాటినప్పటి నుంచి సుధీర్ కారు నెమ్మదిగా నడుపుతున్నాడని అమూల్య గమనించింది. రోడ్డు ఖాళీగానే ఉంది. కర్నూలు నుంచి నంద్యాల దాకా లారీల సందుల్లో దూరి దూరి వచ్చిన మనిషి ఇప్పుడు వడ్ల ట్రాక్టరు వెనక హారన్ కూడా కొట్టకుండా పోతున్నాడు. ఆళ్లగడ్డ రావడం అతనికి ఇష్టం లేదు. ఆళ్లగడ్డ దగ్గర ఎడమకు తిరిగితే అహోబిలం. తిన్నగా పోతే చాగలమర్రి, మైదుకూరు, కడప, అక్కడి నుంచి వేంపల్లె, ఇల్లు. ఎటు పోవాలో అమూల్య చెప్పాలి. పొద్దున ఆస్పత్రి మెట్ల మీద మందుల సంచి చేతికిస్తూ అతనే అన్నాడు, మా అమ్మతో వాదించడం నా వల్ల కాదు, డాక్టరమ్మ మాట కాదనడం నా వల్ల కాదు, నువ్వు తల్లివి, నువ్వెట్లా అంటే అట్లా అని. చాలా మర్యాదగా అన్నాడు. అతని కళ్ల కింద నల్లగా ఉంది, గడ్డం పెరిగింది, చొక్కా గుండీ ఒకటి ఊడిపోయి ఉంది. ఆ గుండీ ఎక్కడ ఊడిందో అని ఆలోచిస్తూ ఆమె సరేనంది. సరేనన్నది దేనికో మెట్లు దిగాక గానీ తెలియలేదు.

ఆమె ఒడిలో శివాని తల ఉంది. పిల్ల నిద్రపోతోంది. ముక్కుకూ నోటికీ నీలంరంగు మాస్కు, మందులకు ఉబ్బిన బుగ్గల మీద దాని తాడు అచ్చు. అటొకటి ఇటొకటి రెండు జడలు. నిన్న వార్డులో మంచం మీద కూర్చోబెట్టి నాయనమ్మ తిరుపతమ్మే అల్లింది. దువ్వెన పెట్టకుండా వేళ్లతోనే చిక్కు తీసింది, అయినా వేళ్ల సందుల్లోకి కుచ్చులు కుచ్చులుగా వస్తూనే ఉన్నాయి. ఆమె వాటిని కింద పడనీయలేదు. ఏడేళ్లుగా కత్తెర తగలని జుట్టు అది. ఆ ఇంట్లో ఏ బిడ్డకైనా పుట్టువెంట్రుకలు అహోబిలం నరసింహస్వామికి ఇచ్చాకే మరొక మాట. బేసి సంవత్సరంలో, మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి. శివానికి మొదటి ఏడాది నిండకముందే తాత ఓబుళేశు పోయాడు, ఇంట్లో సంవత్సరం దాకా శుభకార్యం లేదు. మూడో ఏట కరోనా వచ్చి గుడి తలుపులు మూశారు. ఐదో ఏట మేనమామ మహానందికి కువైట్‌లో సేటు సెలవివ్వలేదు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటుండగా జుట్టు నడుం దాకా పెరిగింది. బళ్లో టీచర్లు పట్టుకుని చూసేవాళ్లు. అమూల్యకు లోలోపల సంతోషంగానే ఉండేది. ఇప్పుడు ఏడో ఏడు. బేసి సంఖ్యే. తిరుపతమ్మ పంచాంగం అడిగి తెలుసుకుంది, ఈ రోజు స్వాతి నక్షత్రం, స్వామి పుట్టిన నక్షత్రం, మేనమామ రాకున్నా ఇంతకంటే మంచి దినం లేదట. అమూల్యకు అందులో వినిపించింది ఒకటే, ఈ రోజు గుళ్లో మామూలు కంటే జనం ఎక్కువ ఉంటారని.

జనంలోకి తీసుకుపోవద్దంది డాక్టరమ్మ. మొదటి విడత మందు ఎక్కింది, ఒంట్లో తెల్లకణాలు దాదాపు లేవు, పక్కవాడి తుమ్ము చాలు అంది. చిన్న గాయమైనా రక్తం ఆగదు, కత్తి తలకు తగలనీయొద్దు అంది. పండ్లు తొక్క తీసి ఇవ్వండి, నీళ్లు కాచి తాగించండి, జ్వరం వస్తే వెంటనే పరుగెత్తి రండి. ఆమె చెబుతుంటే సుధీర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె గది ముందు చెప్పులు విప్పాల్సిన పని లేదు, అయినా అతను ప్రతిసారీ విప్పి లోపలికి పోయేవాడు. నూటికి ఎనభై మందికి నయమవుతుందని ఆమె మొదటి రోజు చెప్పిన మాటను అతను ఫోన్‌లో బంధువులందరికీ చెప్పాడు, ఒకే గొంతుతో, ఒక అక్షరం అటూ ఇటూ పోకుండా. నూటికి ఎనభై మామా. ఎనభై మందికి తగ్గుతాదంట పెద్దమ్మా. విని విని అమూల్యకు అది తిరుపతమ్మ పొద్దున్నే చదువుకునే స్తోత్రంలా వినపడసాగింది. తల్లీ కొడుకూ ఒకటే, చేతులు కట్టుకున్న చోటే వేరు. నమ్మేవాళ్లకు ఎనభై కనబడుతుంది. ఆమెకు మిగిలిన ఇరవై కనబడుతోంది. ఆ ఇరవై మందికి ముఖాలున్నాయి. పక్క మంచం మీది జీవితకు ముఖం ఉంది. మంగంపేట పిల్ల, తండ్రికి ముగ్గురాయి గనుల్లో పని. వాళ్లమ్మ కడప దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు కట్టింది, చర్చి నుంచి తెచ్చిన నూనె రాసింది, తలగడ కింద వెంకటేశ్వరస్వామి పటం పెట్టింది, మందులు గంట తప్పకుండా మింగించింది. ఏ ఒక్క తలుపూ తట్టకుండా వదల్లేదు. ఒక పొద్దున అమూల్య నిద్రలేచేసరికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఇంటికి పోయినారు అంది నర్సు. నర్సు ముఖం చూడకుండా ఉండడానికి అమూల్య కిటికీలోంచి బయటికి చూసింది. ఇంటికే పోయి ఉండొచ్చు. అడిగితే తెలిసేది. అడగలేదు.

తనకేమైందో ఆమెకు తెలియడం లేదు. రక్తంలో క్యాన్సరని రిపోర్టు వచ్చిన రోజు తనలోంచి ఒక మనిషి లేచి పక్కకుపోయి నిలబడ్డట్టయింది. ఆ మనిషి అన్నీ చూస్తోంది, దేనికీ ఏడవడం లేదు. రిపోర్టు ఇచ్చినతని చేతి వేలికి పగడపు ఉంగరం ఉంది. సుధీర్ గోడకు ఆనుకుని జారి కూర్చున్నప్పుడు అతని కాలి మేజోడుకు చిల్లు కనిపించింది. వేంపల్లె నుంచి ఆడబిడ్డలు వచ్చి ఆమెను పట్టుకుని ఏడ్చారు, ఏడుస్తూ మధ్యమధ్య ఆమె ముఖంలోకి చూశారు, నీ వంతు అన్నట్టు. ఆమె వాళ్లకు నీళ్లిచ్చింది. పిల్ల వెన్నులోకి సూది దించేటప్పుడు అందరూ బయటికి పోయారు, ఆమె ఒక్కతే ఉండి శివాని మోకాళ్లను గడ్డానికి ఆనేలా వంచి పట్టుకుంది. పిల్ల అరిచిన అరుపు ఇప్పుడు తలుచుకున్నా చెవిలో ఉంది, కానీ ఆ వేళ ఆమె చూస్తున్నది గోడ మీద తిరగడం ఆగిపోయిన గడియారాన్ని. దానికి సెల్లు వేయించొచ్చు కదా అనుకుంది. గట్టిదానివే నువ్వు అంది తిరుపతమ్మ ఆ సాయంత్రం. మెచ్చుకుందో నిష్ఠూరమాడిందో తెలియలేదు.

శిరివెళ్ల దాటింది కారు. ఎడమ పక్క నల్లమల కొండలు దూరంగా, కోతలైన వరిమళ్ల మీదుగా, మబ్బు రంగులో సాగుతూ వస్తున్నాయి. ఆ కొండల్లోనే ఎక్కడో స్వామి. చిన్నప్పుడు అమూల్య వాళ్లింట్లో స్వాములు లేరు. నాయన కేశవయ్య కడప హైస్కూల్లో లెక్కల అయ్యవారు. గుడికి పోయేవాడు కాదు, పోయేవాళ్లను ఏమీ అనేవాడూ కాదు. అమ్మ మాత్రం వంటింట్లో పప్పుల డబ్బాల వెనక ఆంజనేయస్వామి పటం పెట్టుకుని, మూత తీసేటప్పుడల్లా కళ్లకద్దుకునేది. తమ్ముడు మహానందికి మెదడుజ్వరం వచ్చినప్పుడు అమూల్యకు పదేళ్లు. నాయన ఆస్పత్రిలో, అమ్మ డబ్బాల ముందు. ఇద్దరి దగ్గరా ఆమెకు చోటు లేకపోయింది. మేడ మీదికి పోయి, గండి ఆంజనేయస్వామి ఏ దిక్కున ఉంటాడో తెలియక నాలుగు దిక్కులా తిరిగి మొక్కింది, తమ్ముడు బతికితే ఇంక జన్మలో చీనీకాయ, అదే బత్తాయి, తిననని. ఆమెకు అప్పట్లో అంతకంటే ఇష్టమైనది లేదు. తమ్ముడు బతికాడు. ఆమె మాట నిలబెట్టుకుంది, ఎవరికీ చెప్పకుండా, పడదని సాకు చెబుతూ. ఆ తర్వాత పెళ్లి చేసి పంపింది చీనీతోటలున్న ఇంటికి. కాపురానికి వచ్చిన రోజే తిరుపతమ్మ తోటలోంచి కోసుకొచ్చిన కాయను తానే ఒలిచి, తొన తొన విడదీసి చేతిలో పెట్టింది. కొత్త కోడలు కాదనలేక తినింది. తియ్యగా ఉంది. ఆ రాత్రి కాసేపు భయపడింది, తర్వాత నవ్వుకుంది. ఏళ్లు గడిచాయి, తమ్ముడు కువైట్‌లో లావయ్యాడు, ఏమీ జరగలేదు. దేవుడు మరిచిపోయి ఉంటాడు, లేకపోతే అసలు వినే ఉండడు. రెండింట్లో ఏదైనా ఒకటే అనుకుంది. కానీ రిపోర్టు చేతికొచ్చిన క్షణాన, లెక్కల అయ్యవారి కూతురికి, బీఎస్సీ చదివినదానికి, నోట్లోకి మొదట వచ్చింది చీనీ తొన రుచి. ఉమ్మేయాలనిపించింది. అంత పెద్ద జబ్బును అంత చిన్న తొనతో ముడిపెట్టే బుద్ధి తనలో ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో ఆమెకు అర్థం కాలేదు. నమ్మకం పోయింది గానీ భయం పోలేదన్నమాట.

మరి ఇప్పుడు ఏం చెప్పాలి. తిన్నగా పోదామంటే, రేపు పిల్లకు ఏమైనా అయితే, తిరుపతమ్మ ఒక్క మాట కూడా అనదు. అనకపోవడమే జీవితాంతం ఇంట్లో తిరుగుతుంటుంది, వంటింట్లో, పడకింట్లో, తోటలో. ఎడమకు పోదామంటే, ఆ జనంలో, ఎందరి తలలకో తగిలిన కత్తి పిల్ల తలకు తగిలి, మూడో రోజు జ్వరం వస్తే, సుధీర్ కూడా ఒక్క మాట అనడు. ఆమెకు నమ్మకం ఉంటే ఏదో ఒక పక్క నిలబడేది. స్వామి చూసుకుంటాడని ఒకరు, మందు చూసుకుంటుందని ఒకరు, ఇద్దరూ రాత్రి పూట కాసేపైనా నిద్రపోతున్నారు. ఆమె మేలుకుని సెలైన్ చుక్కలు చూసేది. చుక్క పడుతుంది, ఇంకో చుక్క ఊరుతుంది. లోపల ఏం జరుగుతోందో ఆ చుక్కకు తెలియదు, డాక్టరమ్మకు తెలియదు, కొండల్లో ఉన్నాయనకు తెలుసో లేదో తెలియదు. తెలియదు అన్న మాట ఒక్కటే నిజంగా కనబడుతోంది, దాన్ని పట్టుకుని ఏ కారైనా ఎటు తిరుగుతుంది.

ముందు సీట్లో తిరుపతమ్మ కదలకుండా కూర్చుంది. వెనక నుంచి ఆమె ముడి, మెడ మీద చెమట, రవిక భుజం మీద వేసిన అతుకు కనిపిస్తున్నాయి. ఒళ్లో కొత్త పసుపు గుడ్డ, టెంకాయ, అరటిపండ్లు ఉన్న వైరుబుట్ట. కర్నూలులో ఆస్పత్రి ఎదురు బజారులోనే కొనింది. పొద్దున్నించి గుడి మాట ఎత్తలేదు. నిన్న మాత్రం జడలల్లుతూ ఒక్కసారి అనింది, ఈ ఎంటికలు మనవి కావు, ఆయన సొత్తు, ఇన్నాళ్లూ మన దగ్గర పెట్టుకున్నాం, ఊరికే రాలిపోయినాక ఇయ్యడానికి ఏముంటాదని. అది ఎవరినీ దెప్పినట్టు లేదు. వాన వస్తే ధాన్యం తడుస్తుందని చెప్పినట్టు ఉంది. 

ఆళ్లగడ్డ దగ్గరయ్యే కొద్దీ రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు మొదలయ్యాయి. తెల్లటి దుమ్ము. నిలబెట్టిన వినాయకులు, గరుత్మంతులు, ఎవరో నాయకుడు. ఒక పెద్ద విగ్రహం వెల్లకిలా పడుకుని ఉంది, చేతులూ నడుమూ అయ్యాయి, ముఖం ఇంకా చెక్కలేదు. దాని ఛాతీ మీద కూర్చుని ఒకతను టిఫిన్ డబ్బా విప్పుకుని సద్ది తింటున్నాడు. కారు దాటిపోయేలోగా అతను నీళ్లు తాగడం కూడా చూసింది. హాయిగా ఉన్నాడనుకుంది. అంతలో సుధీర్ బండి పక్కకు తీసి ఒక వేపచెట్టు నీడన ఆపాడు. ఎదురుగా అహోబిలం దారి చూపే పచ్చ బోర్డు. నీళ్ల బాటిల్ తెస్తానని దిగాడు. బాటిళ్లు కారులో రెండు ఉన్నాయి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అతను రోడ్డు దాటి దుకాణం దాకా పోయి, ఏమీ కొనకుండా, అటు తిరిగి నిలబడ్డాడు.

తిరుపతమ్మ సీట్లోనే వెనక్కి తిరిగింది. పిల్ల వంక చూసింది, తర్వాత కోడలి వంక.

"నువ్వు వద్దంటే నేను బలమంతం చేయను మ్మే," అంది. "నువ్వు తిట్టుకుంటావని గాదు. నీకొకటి చెప్పాల. సుధీరుకు గూడా సరిగా తెలీదు."

సుధీర్ కంటే ముందు ఆమెకొక ఆడపిల్ల ఉండేదట. పేరు చెంచమ్మ. ఆ పిల్లకు మూడో ఏట, సరైన దినం చూసి, ఊరంతా ఎడ్లబండ్లు కట్టుకుని పోయి, మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, అన్నీ పద్ధతి ప్రకారం చేసి అహోబిలంలో గుండు కొట్టించారట. ఒక్క లోటు జరగలేదు. పిల్ల ఏడవలేదు కూడా, గుండు తడుముకుని నవ్విందట. వచ్చే వానకాలానికే విషజ్వరం వచ్చింది. అప్పట్లో పులివెందులకు బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సాయంత్రం బస్సు రాలేదు. తలకు వెంట్రుకలు ఇంకా వేలెడు కూడా పెరగలేదు అప్పటికి.  ఇదంతా చెబుతున్నప్పుడు ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. తనలాగే ఈమెలోంచి కూడా ఎప్పుడో ఒక మనిషి లేచిపోయి పక్కన నిలబడి ఉందేమోనని అమూల్యకు మొదటిసారి అనిపించింది. నలభై ఏళ్లకు పైగా నిలబడే ఉందేమో.

"మరి ఇచ్చినా పోయింది గదత్తా," అంది అమూల్య. "ఇంకెందుకు నమ్ముతావు?"

తిరుపతమ్మ వైరుబుట్ట చెవిని సరిచేసుకుంది.

"నమ్ముతాండానో లేదో నాకేం తెల్సు మ్మే. ఆయనకు ఇచ్చినా పోయింది. ఇయ్యకుంటే ఈ భయాన్ని యాడ పెట్టుకోవాల నేను? నీ మొగుడు డాక్టరమ్మ కాళ్ల కాడ పెట్టొచ్చినాడు. నాకు ఆడ చోటు ల్యా."

తనకూ లేదు.  అమూల్య చూపు మందుల సంచి మీద పడింది. దూది, గాజుగుడ్డ, ప్లాస్టరు, వాటి మధ్య చిన్న కత్తెర, మొన మొద్దుగా ఉండేది, డ్రెస్సింగ్‌కు కొన్నది. దాన్ని ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. తర్వాత చేతికి శానిటైజరు రాసుకుంది, కత్తెరకు రాసింది, శివానిని మెల్లగా లేపి కూర్చోబెట్టింది. పిల్ల కళ్లు నలుపుకుని, మాస్కులోంచే బొరుగుల ఉగ్గాని కావాలని అడిగింది. మందులు మొదలైనప్పటి నుంచి దానికి ఎప్పుడూ ఆకలే. ఇంటికి పోయినాక చేస్తానంది అమూల్య. ఇప్పుడు నీ జడలు తీస్తాను, నాయనమ్మ తీసుకుపోయి స్వామికి ఇచ్చొస్తుంది, మనం ఈడే కారులో ఉంటాం అని చెప్పింది.

"సూదితోనా?" అంది శివాని.

"కత్తెరతో."

"అయితే తియ్యి," అని పిల్ల తల వంచింది.

తిరుపతమ్మ ఏదో అనబోయింది. కత్తితో కదా తీయాలి, గుడి ముందు కదా. ఇవన్నీ ఆమె ముఖంలో ఒకదాని వెనక ఒకటి కనిపించాయి, ఒకదాని వెనక ఒకటి పోయాయి. దిగి వచ్చి వెనక తలుపు తీసి, సీటు అంచున ఒదిగి కూర్చుని, పసుపు గుడ్డను రెండు చేతుల మీద పరిచి పట్టుకుంది. అమూల్య మొదటి జడను చెవి పక్కన పట్టుకుని, చర్మానికి దూరంగా, కత్తెర ఆనించింది. జుట్టు దట్టంగా ఉంది, చిన్న కత్తెరకు ఒక్కసారికి తెగలేదు. కరకరమని నాలుగైదు సార్లు నమలాల్సి వచ్చింది. జడ చేతిలోకి వచ్చినప్పుడు దాని బరువు ఆమెకు తెలిసింది. ఏమీ మొక్కలేదు. మొక్కడానికి లోపల మాటలేవీ దొరకలేదు. రెండోది తీసేటప్పుడు మాత్రం కత్తెర ఆపి, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది. మళ్లీ తీసింది. తిరుపతమ్మ గుడ్డను మడిచింది, ఒకసారి, ఇంకోసారి, పసికందును చుట్టినట్టు. కొంగు ముడి విప్పి నిన్న రాలిన వెంట్రుకల చుట్టను కూడా అందులో పెట్టింది. శివాని కారు అద్దంలోకి మెడ సాచి చూసుకుంది, అచ్చం భూపేష్ లాగ ఉండానని తన క్లాసులో పిల్లవాడి పేరు చెప్పి, మళ్లీ ఉగ్గాని అడిగింది.

సుధీర్ రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో నీళ్ల బాటిల్ లేదు. పిల్ల తల చూశాడు, తల్లి చేతుల్లోని గుడ్డ చూశాడు, అహోబిలం పోయే ఆటోను చెయ్యెత్తి ఆపాడు. నేనూ రావాల్నా అని తల్లిని అడిగాడు. వద్దు, నువ్వు బిడ్డకాడ ఉండు, గుళ్లో నుంచి వచ్చినాక నన్ను గూడా స్నానం చేయకుండా దగ్గరికి రానీయద్దండి, డాక్టరమ్మ చెప్పింది గదా అంది ఆమె. ఆటోలో అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు తలనీలాల కోసం పోతున్న పసిబిడ్డతో కూర్చుని ఉన్నారు. వాళ్లు జరిగి చోటిచ్చారు.

అమూల్య కారు దిగి ఆటో దాకా వచ్చింది. ఎందుకు దిగిందో తెలియకుండానే వచ్చింది. పిల్లది విశాఖ నక్షత్రం, గుర్తుండాదా అని అడిగింది. ఉండాది అంది తిరుపతమ్మ.

"చెంచమ్మ పేరు గూడా చెప్పు."

తిరుపతమ్మ ఆటో కమ్మీ పట్టుకుని ఉన్న చెయ్యి తీయలేదు. "పోయినోళ్ల పేరు అర్చనలో చెప్పరు మ్మే," అంది.

"పూజారికి చెప్పొద్దులే. స్వామికి నువ్వే చెప్పు."

లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. ఆటో అతను పోదామా అని అద్దంలోంచి చూశాడు. తిరుపతమ్మ పసుపు గుడ్డను ఒళ్లోకి దగ్గరగా లాక్కుని, కోడలి ముఖంలోకి, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు చూసింది.

"చెప్తే వింటాడంటావా?"

"తెలీదత్తా," అంది అమూల్య. "చెప్పి రా."